ప్లెయింటుకు నకలు తీస్తే సాక్ష్యం అవుతుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు వ్యాపార దావాల్లో దాఖలు చేసే ప్రమాణపత్రాల (అఫిడవిట్ల) చుట్టూనే తిరిగాయి. 2015లో వాణిజ్య న్యాయస్థానాల చట్టం వచ్చినప్పుడు కోటి రూపాయలకు తక్కువ కాని వివాదాలే దాని పరిధిలోకి వచ్చేవి. 2018 సవరణతో ఆ హద్దు 3 లక్షలకు దిగింది. దాంతో పెద్ద కంపెనీలకే పరిమితమనుకున్న నియమాలు చిన్న సరఫరాదారుల గుమ్మం కూడా తొక్కాయి. ఈ చట్టం సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో వాణిజ్య వివాదాల కోసం ప్రత్యేకంగా చేసిన మార్పులు మామూలు దావాలకు వర్తించవు కనుక, ఏళ్ల తరబడి సివిల్ కోర్టుల్లో నడిచిపోయిన కొన్ని అలవాట్లు ఇక్కడ చెల్లవు. ఆ తేడా తెలియక పడుతున్న ఇబ్బందులే ఈ ఉత్తరాల్లో ఎక్కువగా కనిపించాయి.

ప్రశ్న: మేము ఒక దుస్తుల తయారీ సంస్థకు నూలు సరఫరా చేశాము. రూ. 38 లక్షల బకాయి కోసం వాణిజ్య కోర్టులో దావా నడుస్తోంది. సరుకు నాసిరకమని ప్రతివాది వాదన. నా చీఫ్ అఫిడవిట్ (ప్రధాన సాక్ష్యంగా రాసిచ్చే ప్రమాణపత్రం) ముసాయిదాను మా న్యాయవాది పంపారు. చదివితే అది అచ్చంగా మా ప్లెయింటే, అంటే దావా వేసినప్పుడు ఇచ్చిన పత్రమే. ‘వాది’ అని ఉన్న చోటల్లా ‘నేను’ అని మార్చారు, చివర రెండు పేజీల నిండా సుప్రీంకోర్టు తీర్పులు చేర్చారు. దీని మీద సంతకం చేయవచ్చా? మార్చమంటే ఆయన నొచ్చుకుంటారేమోనని సంకోచంగా ఉంది. (గుంటూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఈ రూపంలో సంతకం చేయకండి. మీ న్యాయవాది నొచ్చుకుంటారన్న సంకోచం కన్నా, బోనులో నిలబడినప్పుడు మీకు ఎదురయ్యే ఇబ్బంది పెద్దది. వాణిజ్య వివాదాల కోసం సివిల్ ప్రొసీజర్ కోడ్ 19వ ఆర్డరులో (ఆ కోడ్‌లో అధ్యాయం వంటి భాగాన్ని ఆర్డరు అంటారు) చేర్చిన 6వ నియమం ఈ విషయంలో ఎటువంటి సందిగ్ధానికీ తావివ్వదు. ప్రమాణపత్రం ప్లెయింటుకో జవాబు దావాకో కేవలం నకలుగా ఉందని, లేదా అందులో న్యాయపరమైన వాదనలు చోటుచేసుకున్నాయని కోర్టు భావిస్తే, దాన్ని మొత్తంగా గానీ ఆ భాగాల వరకు గానీ కొట్టివేయవచ్చు. దానికి ముందున్న 5వ నియమం, సాక్ష్యం కాని భాగాలను తొలగించే అధికారాన్నీ, ప్రమాణపత్రాన్ని తిప్పి పంపే అధికారాన్నీ కోర్టుకు ఇచ్చింది. తీర్పుల ప్రస్తావన వాదనల దశలో న్యాయవాది నోటి నుంచి రావలసినది. నూలు వ్యాపారి ప్రమాణం చేసి చెప్పవలసినది కాదు.

నియమం మాట అటుంచితే, అసలు నష్టం వేరే చోట ఉంది. ప్లెయింటులో ఉండేది మీ ఆరోపణ, ప్రమాణపత్రంలో ఉండవలసినది ఆ ఆరోపణను నిలబెట్టే మీ అనుభవం. మీ ముసాయిదాలో ఈ వాక్యం ఉందనుకోండి: ‘వాది సంస్థ సరఫరా చేసిన సరుకును ప్రతివాది ఎలాంటి అభ్యంతరం లేకుండా స్వీకరించి, దాని నాణ్యతను అంగీకరించి, చెల్లించవలసిన బకాయిని దురుద్దేశంతో ఎగవేసినది.’ ఇందులో మీరు కళ్లారా చూసింది ఏది? చెవులారా విన్నది ఏది? స్వీకరించినప్పుడు మీరు అక్కడ ఉన్నారా? అంగీకరించినట్లు ఎవరు, ఎప్పుడు, ఏ రూపంలో చెప్పారు? ‘దురుద్దేశం’ అన్నది న్యాయమూర్తి తేల్చవలసిన సంగతి. ఎదుటి న్యాయవాది మొదటి పది నిమిషాల్లోనే ఈ ప్రశ్నలన్నీ వేస్తారు. వాక్యంలో ఒక్క ముక్క కూడా మీది కానప్పుడు మీ దగ్గర జవాబు ఉండదు.

అదే సంగతిని మీరు సొంతంగా చెబితే ఎలా ఉంటుందో చూడండి. ‘7. 12-03-2023న మా గోదాములో 40 బస్తాల నూలును లారీలోకి ఎక్కిస్తున్నప్పుడు నేను అక్కడ ఉన్నాను. డెలివరీ చలానా మీద సరుకు వివరాలు రాసింది నేనే. ఆ చలానా అనుబంధం 4, పేజీ 31. 8. ఆ చలానా ప్రతి 14-03-2023న ప్రతివాది గోదాము ముద్రతో, సంతకంతో తిరిగి వచ్చింది. దాన్ని నాకు తెచ్చి ఇచ్చింది లారీ డ్రైవరు. ప్రతివాది గోదాములో సరుకు దించుతున్నప్పుడు నేను అక్కడ లేను. 9. 02-04-2023న ప్రతివాది కొనుగోలు విభాగపు మేనేజరు నాకు ఫోను చేసి, సరుకు బాగుందని, నెలాఖరుకు డబ్బు వేస్తామని చెప్పారు. ఈ సంభాషణలో నేను స్వయంగా పాల్గొన్నాను.’

ఎనిమిదో పేరాలోని ‘నేను అక్కడ లేను’ అన్న వాక్యాన్ని చూడగానే తీసేయమనే న్యాయవాదులు ఉన్నారు. నా ఉద్దేశంలో ఆ ప్రమాణపత్రం మొత్తానికి బలం చేకూర్చేది అదే. తనకు తెలియనిదాన్ని తెలియదని ముందే ఒప్పుకున్న సాక్షి, తనకు తెలుసని చెప్పినదాన్ని న్యాయమూర్తి తేలిగ్గా కొట్టిపారేయలేరు. పైగా, ఏ మాట సొంత పరిజ్ఞానంతో చెబుతున్నారో, ఏది ఇతరుల నుంచి తెలుసుకున్నారో, ఆ తెలిసినదానికి మూలం ఏమిటో విడివిడిగా చెప్పడం 6వ నియమం ప్రకారం తప్పనిసరి. చలానా డ్రైవరు ద్వారా వచ్చిందని రాయడంతో ఆ విధి కూడా నెరవేరింది. సరుకు దించిన సంగతిని రుజువు చేయడానికి డ్రైవరునో, మీ రవాణా గుమాస్తానో సాక్షిగా పెట్టుకోవాలన్న విషయం కూడా ఇక్కడే బయటపడుతుంది. మీ ప్రత్యర్థి నాణ్యతనే ప్రశ్నిస్తున్నారు కనుక, ఆ లాటు పరీక్ష నివేదిక తయారుచేసిన వ్యక్తి ఎవరన్న ప్రశ్న కూడా మీకు ఇప్పుడే తట్టాలి.

రాసే విధానం గురించి నేను ఇచ్చే సలహా ఇది. ముందుగా కాగితాలేవీ ఎదుట పెట్టుకోకుండా, జరిగినదంతా తేదీల వరుసలో, మీరు ఇంట్లోవాళ్లకు చెప్పినట్లే, మీ న్యాయవాదికి చెప్పండి, ఆయన రాసుకోనివ్వండి. ఆ తర్వాతే ఇన్‌వాయిసులు, ఈ-వే బిల్లులు, ఈమెయిళ్లు తీసి, జ్ఞాపకం ఎక్కడ కాగితంతో కలుస్తోందో, ఎక్కడ విడిపోతోందో చూడండి. విడిపోయిన చోట కాగితానికి తగ్గట్టు జ్ఞాపకాన్ని సర్దుకోకుండా, ‘నాకు గుర్తున్నంతలో మార్చి రెండో వారం, చలానా మీద 12వ తేదీ ఉంది’ అని ఉన్నదున్నట్లు రాయండి. అంకెలూ తేదీలూ అక్షరాల్లో కాకుండా అంకెల్లోనే ఉండాలని, పేజీలకూ పేరాలకూ వరుస సంఖ్యలు ఉండాలని, ఒక్కో పేరా ఒక్కో విషయానికే పరిమితం కావాలని, అనుబంధాన్ని ప్రస్తావించినప్పుడు దాని పేజీ సంఖ్య ఇవ్వాలని కూడా అదే నియమం చెబుతుంది. ఇవి గుమాస్తా పనిలా కనిపిస్తాయి గానీ, వందల పేజీల రికార్డులో న్యాయమూర్తి మీ చలానాను చప్పున తీసి చూడగలగడం వీటి మీదే ఆధారపడి ఉంటుంది.

ప్లెయింటును పూర్తిగా పక్కన పడేయమని మాత్రం దీని అర్థం కాదు. ప్లెయింటులో లేని సంగతిని సాక్ష్యంలో కొత్తగా లేవనెత్తితే కోర్టు దాన్ని పట్టించుకోదు. పైగా ఆ ప్లెయింటులోని విషయాలు నిజమని 6వ ఆర్డరు 15ఎ నియమం కింద మీరు ఇప్పటికే ప్రమాణపూర్వకంగా ధ్రువీకరించి ఉంటారు కనుక, రెండింటి మధ్య పొంతన లేకపోతే అదే మీకు వ్యతిరేకంగా వాడతారు. ప్రమాణపత్రం పూర్తయ్యాక, కోర్టు రూపొందించిన వివాదాంశాలను ఒక్కొక్కటిగా ఎదురుగా పెట్టుకుని, ప్రతి అంశం మీదా కనీసం ఒక పేరా సాక్ష్యం ఉందో లేదో సరిచూసుకోండి.

ప్రశ్న: మాది భాగస్వామ్య సంస్థ. కొనుగోళ్లూ బేరాలూ అన్నీ మా నాన్నగారే చూశారు. ఇప్పుడు ఆయన మంచం పట్టారు. లెక్కలు రాసిన అకౌంటెంటు ఉద్యోగం మానేసి వేరే ఊరు వెళ్లిపోయారు. నాన్నగారు నాకు జీపీఏ (తన తరఫున వ్యవహరించేందుకు అధికారపత్రం) రాసిచ్చారు. ఆయన బదులు నేను చీఫ్ అఫిడవిట్ వేసి, లెడ్జరు నకలు జత చేస్తే సరిపోతుందా? (రాజమహేంద్రవరం నుంచి)

జవాబు: సరిపోదు. దావా నడిపే అధికారం వేరు, సాక్ష్యం చెప్పే యోగ్యత వేరు. జీపీఏ మొదటిదాన్ని ఇస్తుంది, రెండోదాన్ని ఇవ్వలేదు. జానకి వాష్‌దేవ్ భోజ్వానీ కేసులో సుప్రీంకోర్టు 2004 డిసెంబరులో ఈ సంగతి స్పష్టం చేసింది: అధికారపత్రం పొందిన వ్యక్తి దాని కింద తాను స్వయంగా చేసిన పనుల గురించి చెప్పవచ్చు గానీ, అధికారం ఇచ్చిన వ్యక్తి చేసిన పనుల గురించీ, ఆయనకు మాత్రమే తెలిసిన విషయాల గురించీ ఆయన స్థానంలో నిలబడి చెప్పలేడు. మీ నాన్నగారు ఎదుటి వ్యాపారితో కూర్చుని ధర కుదుర్చుకున్నప్పుడు మీరు పక్కన ఉంటే, మీరు విన్నంతవరకు చెప్పవచ్చు. లేకపోతే ఆ సంభాషణ గురించి మీరు రాసే ప్రతి వాక్యం విన్నమాట కిందికే వస్తుంది. కంపెనీల విషయంలోనూ ఇదే పొరపాటు కనిపిస్తుంది: బోర్డు తీర్మానం ద్వారా అధికారం పొందిన లీగల్ మేనేజరు, తాను ఉద్యోగంలో చేరక ముందు జరిగిన బేరాల గురించి ‘నాకు స్వయంగా తెలుసు’ అని ప్రమాణం చేస్తుంటారు.

అయితే మీ నాన్నగారు కోర్టుకు రాలేకపోవడం వల్ల సాక్ష్యం దారి మూసుకుపోలేదు. అనారోగ్యంతో కోర్టుకు రాలేని వ్యక్తిని ఆయన ఉన్నచోటనే విచారించడానికి 26వ ఆర్డరు కింద కమిషనరును నియమించమని దరఖాస్తు చేయవచ్చు. చీఫ్ అఫిడవిట్ ఆయన పేరిట, ఆయన చెప్పినట్లు తయారవుతుంది. ఎదుటి న్యాయవాది వేసే అడ్డ ప్రశ్నలకు ఇంట్లోనే జవాబిస్తారు. వైద్య ధ్రువపత్రంతో, ఆలస్యం చేయకుండా ఈ పని చేయించండి. విషయం తెలిసిన కక్షిదారుడు బోనెక్కి అడ్డ ప్రశ్నలకు నిలబడకపోతే ఆయన చెప్పే కథ సరికాదని కోర్టు భావించవచ్చని విద్యాధర్ కేసులో సుప్రీంకోర్టు 1999లోనే చెప్పింది. కనుక ఆయన రాకపోవడానికి కారణం రికార్డులో ఉండి తీరాలి.

ఇక లెడ్జరు. వ్యాపార క్రమంలో నియమంగా రాసే ఖాతా పద్దులు సాక్ష్యంగా పనికివస్తాయని, కానీ ఒక వ్యక్తి మీద బాధ్యత మోపడానికి అవి ఒక్కటే చాలవని భారతీయ సాక్ష్య అధినియమం 28వ సెక్షను చెబుతోంది. పాత సాక్ష్య చట్టంలోని 34వ సెక్షను చెప్పిందీ ఇదే. కంప్యూటరులో రాసే ఖాతాలూ దీని కిందికే వస్తాయి. మీ లెడ్జరులోని ప్రతి పద్దు వెనుకా ఒక ఇన్‌వాయిసో, చలానానో, బ్యాంకు జమో నిలబడాలి. ఆ పద్దులు తానే రాశానని చెప్పగల వ్యక్తి మీ పాత అకౌంటెంటే కనుక, మొహమాటపడకుండా ఆయన్ను సంప్రదించండి. ఉద్యోగం మానేసినంత మాత్రాన సాక్షి కాకుండా పోరు. ఆయన మీ మాట వినకపోతే కోర్టు ద్వారా సమన్లు పంపించవచ్చు. అలా పిలిపించిన సాక్షి మీ చేతిలో ఉండరు కనుక ప్రమాణపత్రం ఉండదు, ప్రధాన విచారణ కూడా కోర్టులోనే జరుగుతుంది. ఆయన ఏం చెబుతారో మీకు ముందే తెలియదన్న సంగతి మాత్రం మనసులో పెట్టుకోండి.

ప్రశ్న: ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే వచ్చాయి. స్క్రీన్‌షాట్లు తీసి ప్రమాణపత్రానికి జత చేశాను. ఎదుటివాళ్లు సర్టిఫికెట్ లేదని అభ్యంతరం చెబుతున్నారు. పైగా ఆ మెసేజ్‌లు వచ్చిన ఫోను పాడైతే మార్చాను; చాటంతా కొత్త ఫోనులోకి ఎక్కింది. (హైదరాబాదు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: వాళ్ల అభ్యంతరంలో పస ఉంది. ఎలక్ట్రానిక్ రికార్డు ప్రతిని సాక్ష్యంగా వాడాలంటే ధ్రువపత్రం తప్పనిసరి అని అర్జున్ పండిత్‌రావ్ ఖోట్కర్ కేసులో సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. అది పాత చట్టంలోని 65బి సెక్షను మీద వచ్చిన తీర్పు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో ఆ స్థానంలో 63వ సెక్షను ఉంది. దానికి షెడ్యూలులో ఇచ్చిన నమూనాలో రెండు భాగాలున్నాయి. ఎ భాగాన్ని రికార్డును సమర్పించే పక్షం నింపాలి. బి భాగాన్ని నిపుణుడు నింపాలి. పరికరం తయారీ, మోడలు, సీరియల్ నంబరు, ఐఎంఈఐ వంటి వివరాలతో పాటు రికార్డు హ్యాష్ విలువను (ఫైలులో మార్పు జరిగితే పట్టిచ్చే, వేలిముద్ర లాంటి సంకేతాన్ని), అది ఏ పద్ధతిలో వచ్చిందో కూడా రాయాలి. చాలామంది ఎ భాగం మాత్రం నింపి ఊరుకుంటున్నారు.

వాణిజ్య దావాల్లో దీనికి తోడు 11వ ఆర్డరు 6వ నియమం ఉంది. ప్రింటు తీసిన ఎలక్ట్రానిక్ రికార్డుకు సంబంధించి, అది ఎవరెవరి మధ్యది, ఎలా తయారైంది, ఎప్పుడు వచ్చింది, ఎక్కడి నుంచి, ఏ తేదీన ఏ సమయానికి ప్రింటు తీశారు, ఆ పరికరం ఎవరిది, ఎవరి అదుపులో ఉంది, అది సరిగ్గా పనిచేస్తూ ఉండినదా అన్న విషయాలు ప్రమాణపూర్వకంగా చెప్పాలి. ప్రింటు తీసిన సమయమా, అని నవ్వకండి. స్క్రీన్‌షాటు మీద కనిపించే గడియారానికీ మీరు ప్రమాణం చేసిన తేదీకీ పొసగకపోతే అక్కడే పట్టుకుంటారు.

మీ ఫోను మారిన సంగతిని దాచడానికి ప్రయత్నించకండి. మొదటి ఫోను ఎప్పుడు కొన్నారు, ఎప్పుడు పాడైంది, చాటు ఏ బ్యాకప్ నుంచి కొత్త ఫోనులోకి వచ్చింది, అది మీరే చేశారా, దుకాణంలో చేయించారా అన్నది ఒక పేరాలో వరుసగా రాయండి. పాత ఫోను పారేయకపోతే, ఎంత పాడైనా సరే, భద్రపరచండి. ఎంచుకున్న నాలుగు మెసేజ్‌ల స్క్రీన్‌షాట్ల కన్నా, ఆ నంబరుతో జరిగిన సంభాషణ మొత్తాన్ని తేదీలతో సహా ఎక్స్‌పోర్టు చేసి దాఖలు చేయడం మేలు. మధ్యలో మీకు నచ్చని మెసేజ్‌లు ఉన్నా సరే. వాటి ప్రతి ఎదుటివారి ఫోనులోనూ ఉందని మరవకండి.

ప్రశ్న: మేము ఇద్దరు సాక్షుల ప్రమాణపత్రాలు దాఖలు చేశాము. మొదటి సాక్షికి అడ్డ ప్రశ్నలు అయిపోయాక, రవాణా గుమాస్తాను కూడా పెట్టి ఉండవలసిందని తెలిసింది. ఇప్పుడు చేర్చవచ్చా? రెండో సాక్షిని మానుకోవచ్చా? (విశాఖపట్నం నుంచి)

జవాబు: వాణిజ్య దావాలో ఒక పక్షం తన సాక్షులందరి ప్రమాణపత్రాలను, మొదటి ‘కేసు నిర్వహణ విచారణ’లో (కేసు ఏ తేదీల్లో ఎలా సాగాలో కోర్టు నిర్ణయించే విచారణలో) చెప్పిన గడువుకు, ఒకేసారి దాఖలు చేయాలి. మొదటి సాక్షి ఎలా తట్టుకున్నాడో చూసి రెండోవారి ప్రమాణపత్రం రాసుకునే పాత అలవాటును అరికట్టడానికే ఈ ఏర్పాటు. ఆ తర్వాత కొత్త ప్రమాణపత్రం వేయాలంటే 18వ ఆర్డరు 4(1బి) కింద దరఖాస్తు చేసి, తగిన కారణం చూపాలి, కోర్టు కారణాలు రాసి అనుమతి ఇవ్వాలి. ‘మరచిపోయాం’ అన్నది తగిన కారణం కాదు. ఆ గుమాస్తా ఉనికి గానీ, ఆయన దగ్గరున్న రిజిస్టరు గానీ ఎంత వెదికినా ముందు దొరకలేదని చూపగలిగితే అవకాశం ఉంటుంది. మొదటి సాక్షి తడబడిన చోటును పూడ్చడానికే గుమాస్తాను తెస్తున్నారన్న అనుమానం కలిగితే దరఖాస్తు నిలవడం కష్టం.

రెండో సాక్షిని, ఆయనకు అడ్డ ప్రశ్నలు మొదలు కాకముందే, ఉపసంహరించుకోవచ్చు. దాని వల్ల మీకు వ్యతిరేకంగా ఏ నిర్ధారణకూ కోర్టు రాదు. అయితే ఆ ప్రమాణపత్రంలో మీకు ప్రతికూలమైన ఒప్పుకోలు ఏదైనా ఉంటే, ఎదుటి పక్షం దాన్ని సాక్ష్యంగా వాడుకోవచ్చు. వెనక్కి తీసుకున్న కాగితం కాలగర్భంలో కలిసిపోదు.

ప్రశ్న: మా గోదాము మేస్త్రీ పెద్దగా చదువుకోలేదు, తెలుగే వచ్చు. ఆయన ప్రమాణపత్రం ఇంగ్లీషులో తయారైంది. సంతకం చేయిస్తే చాలునని ఆఫీసులో అంటున్నారు. (వరంగల్లు నుంచి)

జవాబు: ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, మంచి సాక్షులు మన కోర్టుల్లో కూలిపోయేది ఎక్కువగా ఇక్కడే. అడ్డ ప్రశ్నల తీరు ఊహించండి. ‘ఈ కాగితం ఏ భాషలో ఉంది?’ ‘ఇంగ్లీషులో అండి.’ ‘మీకు ఇంగ్లీషు చదవడం వచ్చా?’ ‘రాదండి.’ ‘ఇందులో ఏముందో మీకు తెలియదన్నమాట.’ ఆ క్షణంలో ఆ మేస్త్రీ ‘మా అయ్యగారు పెట్టమంటే పెట్టాను’ అంటే, ఆయన నిజంగా చూసినదంతా కూడా అనుమానంలో పడిపోతుంది. ఆయన అబద్ధం చెప్పలేదు; ఆయన నిజం ఆయన భాషలో కాగితం మీదకు రాలేదు, అంతే.

అందుచేత ఆయన చెప్పినదాన్ని మొదట తెలుగులో, ఆయన వాడే మాటలతోనే రాసుకోండి. ‘లోడు ఎక్కించాం’ అని ఆయన అంటే దాన్ని ‘సరుకు రవాణా నిమిత్తం అప్పగించబడినది’ అని మార్చకండి. ఆ తెలుగు ప్రతిని ఆయనకు చదివి వినిపించి, ఆయన దిద్దుబాట్లు చేశాక, దాని నుంచే ఇంగ్లీషు అనువాదం తయారుచేయించండి. అనువాదాన్ని కూడా మళ్లీ తెలుగులో వివరించి, అలా వివరించిన సంగతి, వివరించిన వ్యక్తి పేరు, సాక్షి దాన్ని అర్థం చేసుకుని ఒప్పుకున్నట్లు ప్రమాణపత్రం చివర ధ్రువీకరణ రాయించండి. తెలుగు ప్రతిని కూడా ఆయన సంతకంతో దాచిపెట్టండి, వీలైతే జత చేయండి. ఇక సంతకం ఎక్కడ పెట్టాలన్నది: సివిల్ ప్రొసీజర్ కోడ్ 139వ సెక్షను ప్రకారం కోర్టు లేదా మేజిస్ట్రేటు, నోటరీ, హైకోర్టు నియమించిన అధికారి ప్రమాణం చేయించవచ్చు. మేస్త్రీ స్వయంగా ఆ అధికారి ఎదుట కూర్చుని సంతకం చేయాలి. ఆఫీసులో సంతకం చేయించి, కాగితాన్ని మాత్రమే నోటరీ దగ్గరికి పంపే పద్ధతి ఎంత ప్రబలంగా ఉన్నా, అది ప్రమాణం కాదు. నోటరీ రిజిస్టరులో ఆయన సంతకం ఉందా అన్న ఒక్క ప్రశ్నకు ఆ కాగితం విలువ పోతుంది.

ప్రశ్న: నేను ఒక కంపెనీలో స్టోర్స్ సూపర్‌వైజరును. సరుకు వచ్చిన రోజు నేను సెలవులో ఉన్నాను. అయినా ఆ రోజు నా ఎదుటే తనిఖీ జరిగిందని ప్రమాణపత్రం వేయమని యాజమాన్యం ఒత్తిడి చేస్తోంది. (ఊరి పేరు ప్రచురించవద్దని కోరారు)

జవాబు: వేయకండి. న్యాయ విచారణలో తెలిసి తప్పుడు సాక్ష్యం ఇస్తే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షను కింద ఏడేళ్ల వరకు జైలు, పదివేల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. అది మీ సంతకం కనుక శిక్షా మీదే. ‘యాజమాన్యం చెప్పింది’ అన్నది రక్షణ కాదు. మీ సెలవు హాజరు పట్టికలోనూ జీతం లెక్కలోనూ ఉంటుంది, దాన్ని తెప్పించమని ఎదుటి పక్షం అడగడానికి ఒక్క దరఖాస్తు చాలు. యాజమాన్యానికి చెప్పవలసింది ఇది: ఆ రోజు డ్యూటీలో ఉన్నది ఎవరో వాళ్ల చేత ప్రమాణపత్రం వేయించండి, నేను తిరిగి వచ్చాక రిజిస్టరులో చూసినదీ, సరుకు నిల్వలో గమనించినదీ నేను చెబుతాను. అది వాళ్ల కేసుకు కూడా మేలు చేస్తుంది. ఒక్క సాక్షి అబద్ధం బయటపడితే మిగతావాళ్ల నిజాన్ని కూడా కోర్టు అనుమానంతోనే చూస్తుంది. ఈ మాటలు ఈమెయిలు రూపంలో చెప్పి, దాని ప్రతి మీ దగ్గర ఉంచుకోండి.

ప్రశ్న: మా ఒప్పందంలో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) నిబంధన ఉంది. అక్కడ సాక్షి వాంగ్మూలం కూడా కోర్టు అఫిడవిట్ లాంటిదేనా? విచారణకు ముందు మా ఇంజినీరుకు తర్ఫీదు ఇవ్వవచ్చా? (తిరుపతి నుంచి)

జవాబు: 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టం 19వ సెక్షను ప్రకారం ఆర్బిట్రల్ ట్రిబ్యునల్ సివిల్ ప్రొసీజర్ కోడ్‌కు గానీ సాక్ష్య చట్టానికి గానీ కట్టుబడి ఉండనక్కరలేదు. అందుచేత వాంగ్మూలం రూపాన్ని ట్రిబ్యునల్ జారీ చేసే తొలి ఆదేశమే నిర్ణయిస్తుంది. దాన్ని ముందుగా చదవండి. అంతర్జాతీయ వివాదాల్లో చాలాచోట్ల అంతర్జాతీయ బార్ అసోసియేషన్ సాక్ష్య నియమాలను అనుసరిస్తారు. వాటి 4వ అధికరణం ప్రకారం సాక్షి పేరు, చిరునామా, పక్షాలతో ఇప్పటి, గతకాలపు సంబంధం, విషయాల పూర్తి వివరణ, వాటికి ఆధారం, వాంగ్మూలాన్ని మొదట ఏ భాషలో రాశారు, విచారణలో ఏ భాషలో మాట్లాడతారు అన్నవన్నీ అందులో ఉండాలి. భాష గురించిన ఆ నిబంధన మన కోర్టుల ప్రమాణపత్రాలకు కూడా ఉంటే, వరంగల్లు మేస్త్రీకి వచ్చిన ఇబ్బంది సగం తీరేది.

తర్ఫీదు విషయంలో గీత సన్నగా ఉన్నా స్పష్టంగానే ఉంది. సాక్షితో మాట్లాడి, ఆయనకు తెలిసింది తెలుసుకోవడం, కాగితాలు చూపించడం, అడ్డ ప్రశ్నలు ఎలా సాగుతాయో వివరించడం తప్పు కాదు. పైన చెప్పిన అంతర్జాతీయ నియమాలు కూడా దీన్ని అనుమతిస్తాయి. ఏ జవాబు చెప్పాలో నేర్పడం తప్పు. మీ ఇంజినీరుతో మాట్లాడేటప్పుడు ‘కాంక్రీటు ఆలస్యానికి కారణం వాళ్లు డ్రాయింగులు ఇవ్వకపోవడమే కదా?’ అని అడిగితే మీరు జవాబును ఆయన నోట్లో పెట్టినట్లే. ‘ఆ నెలలో పని ఎందుకు ఆగింది?’ అని అడిగి ఊరుకోండి. వచ్చే జవాబు మీకు నచ్చకపోవచ్చు, కానీ అది ఇప్పుడే తెలియడం మంచిది. ఇంగ్లండులో 2021 ఏప్రిల్ 6 నుంచి వ్యాపార న్యాయస్థానాలలో సంతకమయ్యే వాంగ్మూలాలకు కొత్త పద్ధతి వచ్చింది: వాంగ్మూలం తయారు చేయడానికి సాక్షికి ఏయే కాగితాలు చూపించారో జాబితా ఇవ్వాలి, ముఖ్యమైన వివాదాంశాల మీద తనకు ఎంతవరకు బాగా గుర్తుందో సాక్షి తన మాటల్లో చెప్పాలి. పదేపదే కాగితాలు చూపించి ప్రశ్నిస్తే మనిషి జ్ఞాపకమే మారిపోతుందన్న ఎరుక దీని వెనుక ఉంది. మన దగ్గర అటువంటి నిబంధన లేకపోయినా, ఆ జాబితాను మీరు సొంతంగా రాసి ఉంచుకోవడంలో నష్టమేమీ లేదు.

ఒక చివరి జాగ్రత్త. సాక్షిని విచారణకు పిలిచినప్పుడు ఆయన సరైన కారణం లేకుండా రాకపోతే, ఆ అంతర్జాతీయ నియమాల కింద ట్రిబ్యునల్ ఆయన వాంగ్మూలాన్ని పక్కన పెట్టేస్తుంది. మీ ఇంజినీరు వేరే ఉద్యోగం వెతుక్కుంటున్నట్లయితే, విచారణ తేదీకి ఆయన విదేశంలో ఉండే అవకాశం ఉన్నట్లయితే, సంతకం తీసుకునే ముందే ఆ సంగతి అడిగి, వీడియో ద్వారా విచారణకు ట్రిబ్యునల్ అనుమతి కోరండి.